గీత గీసే ముందు నేల చూడు

బిడ్డా,

రాజేంద్రనగర్‌ల ల్యాండ్‌స్కేప్ పాఠాలు మొదలైనయని, ఆటోక్యాడ్ నేర్చుకుంటున్ననని రాసినవు. చాన సంతోషం. మన బడి ఆవరణకు తోట ప్లాన్ గీస్తనన్నవు కదా, ఆ పని కంప్యూటర్ ముంగట కాదు, మట్టిల మొదలుపెట్టు.

మెరకన ఎర్ర చెల్క, పల్లాన నల్లరేగడి ఉండుడు మన వరంగల్ దిక్కు మామూలే. రెండు చోట్ల జానెడు లోతు మట్టి తియ్యి. సీసాల మూడో వంతు మట్టి, మిగతాది నీళ్లు, చిటికెడు సబ్బుపొడి వేసి గట్టిగ ఊపి కదలకుండ పెట్టు. ఇసుక నిమిషంల దిగుతది, ఒండ్రుకు 2 గంటలు కావాలె. బంకమట్టి తేరడానికి ఒక రోజు, రేగడైతే ఇంకా ఎక్కువ. తేరినంక స్కేలు పెట్టి పొరలు కొలువు.

తర్వాత అడుగు లోతు గుంత తీసి నీళ్లు నింపు. మొదటిసారి ఇంకింది లెక్కపెట్టకు. ఎండిన మట్టి, రేగడి పగుళ్లు నీళ్లను ఊరికే గుంజుకుంటయి. రెండోసారి నింపి గంటకెంత దిగిందో చూడు. అంగుళం కూడా దిగకపోతే వేరుకు గాలాడదు, కుళ్లుతది.

అసొంటి చోట గుంత అడుగున కంకర పోసి, పైన ఇసుక, ఎరువు నింపుతరు. నాకు అస్సలు నచ్చని పని ఇది. చుట్టూ బంకమట్టి, నడుమ గుల్లమట్టి ఉంటే ఆ గుంత వానకు గిన్నె లెక్క నిండి నిలుస్తది. తీసిన రేగడినే మళ్ల నింపి, జానెడు ఎత్తు, 5 అడుగుల వెడల్పు దిబ్బ పోసి దాని మీద నాటించు. కానుగ, తెల్లమద్ది అక్కడ తట్టుకుంటయి, వేప తట్టుకోదు.

చెల్కల నీళ్లు నిలవకపోవుడే బాధ. 2 అడుగుల గుంత ఎండకాలంలనే తీసి ఎండనీ. రెండు పాళ్ల పై మట్టికి ఒక పాలు మాగిన పశువుల ఎరువు, దొరికితే చెరువు పూడిక మట్టి కలిపి, నేల కంటే 4 అంగుళాలు ఎత్తుగ నింపు. వానలకు అది దిగుతది. రెండు మంచి వానలు పడ్డంక రేల, పొగడ నాటొచ్చు.

నాటేటప్పుడు మొక్క కవరు పూర్తిగ కోసి తీసెయ్యాలె. లోపల చుట్టలు తిరిగిన వేర్లను కత్తిరించకపోతే చెట్టు పెరిగినంక అవే మొదలును బిగిస్తయి, పెద్ద గాలికి కూలుతది. కాండం, వేరు కలిసే చోటు నేలకు సమంగ ఉండాలె, మట్టిల పూడొద్దు.

ఆవరణంత మట్టం చూడడానికి రసమట్టం సరిపోదు, సన్నటి తెల్ల పైపుల నీళ్లు పోసి చూడు. పైపుల ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత తప్పుతది. పైపు కొసలు మూసిన బొటనవేళ్లను చూసేటప్పుడు రెండు దిక్కులా తియ్యాలె. గోడ నుంచి 3 మీటర్ల దూరానికి 6 సెంటీమీటర్ల వాలు ఇచ్చి, ఆ నీళ్లను చెల్క దిక్కు చెట్లకు మళ్లించే వీలుందేమో ముందే చూసుకో.

గుంతలు మే నెలలనే తియ్యాలె కాబట్టి అంతకుముందే ఒకసారి రా. పైపు, సీసాలు తెచ్చిపెడత.

నీ బాపు