తిట్టుకోవడానికైనా మనకొక జట్టుండాలి కదరా

అనంతపురం,
2024 సెప్టెంబర్ 25.

రేయ్ సీనా,

ఫోన్లో చెబితే సగంలోనే నవ్వి చెడగొడతావని ఈసారి కాగితం పట్టుకున్నా. షాపులో జెరాక్స్ మిషన్ రిపేరుకు పోయింది, మధ్యాహ్నం నుంచి ఈగలు తోలుకుంటున్నా. కాబట్టి ఉత్తరం పొడుగ్గానే ఉంటుంది, ఓపిక తెచ్చుకో.

"దులీప్ ట్రోఫీ మనూరికి వచ్చిందంట కదా, ఎట్లుంది?" అని మెసేజ్ పెట్టావు. ఆ దేశవాళీ క్రికెట్ టోర్నీ సంగతి చెబుతా. ముందు నీ ఎర్ర చొక్కా సంగతి తేల్చుకుందాం.

బెంగళూరు పోయినవాడివి ఉద్యోగం చేసుకుని ఊరుకోక ఐపీఎల్‌లో బెంగళూరు జట్టైన ఆర్సీబీ అభిమానుల్లో కలిసిపోయావు. తప్పు పట్టను. మనూరి నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల చిల్లర, హైదరాబాద్ 350 పైనే. దగ్గరి చుట్టాన్ని వదిలేసి దూరపు చుట్టం కోసం ఏడ్చే పిచ్చోణ్ణి నేనే. మా వీధి పిల్లలు కూడా సగం మంది మీవాళ్లే. కన్నడంలో నీళ్లు అడగడం రాదు గానీ "ఈ సల కప్ నమ్దే" (ఈసారి కప్పు మనదే) అని మాత్రం గొంతు చించుకుని అరుస్తారు. 17 సీజన్లుగా అరుస్తూనే ఉన్నారు, పాపం.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. మన హైదరాబాద్‌కు వచ్చిన రెండు ఐపీఎల్ కప్పులూ మీ చేతిలోంచి లాక్కున్నవే. 2009లో జోహన్నెస్‌బర్గ్‌లో 6 పరుగుల తేడా. 2016లో మీ చిన్నస్వామిలోనే, మీ జనం ముందరే, 8 పరుగులు. రెండూ కలిపితే 14. ఆ 14 పరుగులు అటుగా పోయి ఉంటే ఇవాళ ఈ ఉత్తరం నువ్వు నాకు రాస్తుండేవాడివి.

సరే, మనవాళ్ల ఘనత. డెక్కన్ చార్జర్స్ అని పేరు పెట్టినప్పుడే అనుకోవాల్సింది, ఏదో ఒకరోజు పిన్ను ఊడుతుందని. మొదటి ఏడు 2008లో లక్ష్మణ్, గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిదీ. పెళ్లి పత్రికలో ఆహ్వానించువారి పేర్లలాగా ఎంత బరువైన జాబితా! 14 ఆడి 2 గెలిచి అందరికన్నా కింద కూర్చున్నారు. మరుసటి ఏడే కప్పు. 2012లో ఏకంగా దుకాణమే మూసేశారు. మధ్యలో రోహిత్ శర్మను మనమే పెంచి ముంబైకి సాగనంపాం. వాడు అక్కడ కెప్టెనై అయిదు కప్పులు కొట్టాడు. మన దగ్గర పని నేర్చుకుని ఎదురుగా కొట్టు పెట్టుకున్నట్టు.

తర్వాత వచ్చింది సన్‌రైజర్స్. అనంతపురంవాడికి ఎండను పేరుగా పెట్టి అమ్మిన ఘనత వీళ్లది. ఓనర్లు చెన్నైవాళ్లు, కెప్టెన్ ఎక్కువగా ఏదో పరదేశి, మనోడు ఎవడా అని భూతద్దం పెట్టుకుని చూస్తే ఇప్పుడు విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి కనబడుతున్నాడు, సంతోషం. 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ను 2021లో సీజన్ సగంలో కెప్టెన్సీ నుంచి దించేశారు. మన తెలుగు పాటలకు మనకన్నా బాగా చిందులేసిన మనిషిరా! దించి ఏం సాధించారంటే, ఆ ఏడు చివరి స్థానం. 2023లో మళ్లీ చివరి స్థానం. నేనెందుకు వదలలేదంటావా? వానలు పడవని తెలిసీ మనవాళ్లు ఏటా శెనక్కాయలు వేయడం లేదా, అట్లాగే.

ఈ ఏడు మాత్రం వాన పడిందనే అనుకున్నా. ముంబై మీద 277. మీ మీద, మీ చిన్నస్వామిలో, 287. ఆ రాత్రి నీకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో, నువ్వు ఎన్నిసార్లు కట్ చేశావో నా దగ్గర లెక్కుంది. ఆ రెండు నెలలూ షాపుకొచ్చిన ప్రతివాడికీ స్కోరు చెప్పాకే కాగితం చేతికిచ్చేవాణ్ణి.

మే 26, కోల్‌కతాతో ఫైనల్. ఇంట్లో ఉగ్గాని, బజ్జీలు చేయించా. నాన్న మంచం హాల్లోకి లాగించా. ప్లేటు ఒళ్లో పెట్టుకుని మొదటి బజ్జీ కొరికానో లేదో, స్టార్క్ బంతికి అభిషేక్ శర్మ వికెట్ ఎగిరిపోయింది. బజ్జీలో మిరపకాయ దాకా వచ్చేసరికి ట్రావిస్ హెడ్ మొదటి బంతికే వెళ్లిపోయాడు. కారం నెత్తికెక్కిందో, కోపం ఎక్కిందో తెలియలేదు, కళ్లలో నీళ్లు మాత్రం వచ్చాయి. 287 కొట్టిన జట్టు 113కి ఆలౌట్. ఐపీఎల్ ఫైనల్లో అంత తక్కువ ఇంకెవరూ కొట్టలేదట, రికార్డంటే అదీ. అందరికన్నా ఎక్కువ కొట్టినవాడు 20 కోట్ల 50 లక్షలు పెట్టి కొన్న బౌలర్ కమిన్స్, 24 పరుగులు! కోల్‌కతా వాళ్లు 10.3 ఓవర్లలో పని ముగించుకున్నారు. నాన్న అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. టీవీ కట్టేశాక దిండు సర్దుకుంటూ, "వాళ్లకు ఓడినా జీతం వస్తాది. నీకు బీపీ వస్తాది. పండుకో పో" అన్నాడు.

క్రికెట్ కాదులే, కబడ్డీ మన రక్తంలోనే ఉందని అటు తిరిగా. తెలుగు టైటాన్స్! లెక్క జాగ్రత్తగా చదువు. 2021-22లో 22 ఆడి 1 గెలిచారు. 2022లో 22 ఆడి 2. 2023-24లో 22 ఆడి మళ్లీ 2. మూడు సీజన్లకు 66 మ్యాచులు, 5 గెలుపులు. పదో తరగతిలో మన లెక్కల మార్కులు గుర్తొస్తున్నాయా? ఆ చివరి సీజన్‌కు మీ బెంగళూరు బుల్స్‌కు కప్పు తెచ్చిన పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలు పోసి తెచ్చుకున్నాం. ఒక్కో గెలుపు కోటీ ముప్పై లక్షలు పడింది. మొన్న ఆగస్టు వేలంలో మళ్లీ అతన్నే 1 కోటి 72 లక్షల 50 వేలకు పట్టుకున్నారు. రేటు తగ్గింది, నా ఆశ తగ్గలేదు.

హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు గురించి ఎక్కువ రాయను, పోయినోళ్లను తిట్టకూడదు. 2022లో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి ఛాంపియన్లు. రెండేళ్లు తిరిగేసరికి 22 మ్యాచుల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ పిల్లలకు జీతాలే సరిగ్గా అందలేదట, వాళ్లననడానికి నోరు రాదు. ఇక క్రికెట్‌లో మన సొంత పేరున్న జట్టూ ఒకటుంది, ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో రాయలసీమ కింగ్స్. 2022లో మన కింగ్స్ తొలిసారి దిగింది ఎక్కడో తెలుసా? విశాఖపట్నంలో. రాజుగారు ఉండేది సముద్రం ఒడ్డున, ప్రజలం ఉండేది ఇక్కడ.

ఇప్పుడు దులీప్ ట్రోఫీ. ఎప్పుడూ లేనిది, టీవీలో చూసే మనుషులు మన ఆర్డీటీ స్టేడియానికి నడిచొచ్చారు. 13వ తేదీ శుక్రవారం షట్టర్ దించేసి పోయా. ఉడికించిన శెనక్కాయల పొట్లం చేతిలో, నెత్తిన తువ్వాలు. శ్రేయస్ అయ్యర్ బ్యాటింగ్‌కు దిగాడు, నల్ల కళ్లజోడుతో. మన ఎండను మర్యాదగా చూసినవాడు అతనొక్కడే అనుకున్నా. ఏడు బంతులు ఆడాడు. ఖలీల్ అహ్మద్ వేస్తే పైకి లేపి క్యాచ్ ఇచ్చి, సున్నాకే వెనక్కి నడిచాడు, కళ్లజోడు తియ్యకుండానే. నా పక్కన కూర్చున్న పెద్దాయన శెనక్కాయ ఒలుచుకుంటూ నెమ్మదిగా అన్నాడు: "బో అందంగా పోతాండాడు."

అంతా నవ్వారు, నేనూ నవ్వా. కానీ ఏదో వెలితి. పక్క గ్రౌండులో ముందురోజు ఇషాన్ కిషన్ 111 కొట్టాడని చెబితే "అట్లనా" అన్నా. ఇండియా ఏ, ఇండియా బీ, సీ, డీ అట, రేషన్ షాపు క్యూ లాగా. ఎవరు గెలిస్తే నాకేం, ఎవరు ఓడితే నాకేం? మంచి క్రికెట్, మనూరి గడ్డి, మనూరి గాలి. అన్నీ ఉన్నాయి. తిట్టడానికి ఒక్కడు లేడు. సాయంత్రం దాకా కూర్చుంటే గొంతు బొంగురు పోలేదు, తల నొయ్యలేదు, ఇంటికొచ్చి అన్నం శుభ్రంగా తిన్నా. మా ఆవిడ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమో అని. చివరికి 22న ఇండియా ఏ ట్రోఫీ ఎత్తుకుంది. ఆ వార్త నేను మరుసటి రోజు పేపర్లో చదివా, అదీ బోండాలు కట్టిచ్చిన పేపర్లో.

అసలు విషయానికొస్తా. అక్టోబర్ 18న గచ్చిబౌలిలో కబడ్డీ సీజన్ మొదలు. మొదటి మ్యాచే మన టైటాన్స్, మీ బుల్స్. శుక్రవారం. ఒక రోజు సెలవు పెట్టు. నువ్వు ఎక్కే హైదరాబాద్ బస్సు ఎట్లాగూ మనూరి మీదుగానే పోవాలి, నేను ఇక్కడ ఎక్కుతా, కిటికీ సీటు నాకు. మ్యాచ్ టికెట్లు నేను తీస్తా, దారి ఖర్చు నీది. ఓడినవాడు తిరుగు ప్రయాణంలో కర్నూలు దాకా నోరెత్తకూడదు. గత మూడేళ్ల లెక్క చూస్తే నేనే మూగనోము పట్టేది, ఆ సంగతి నాకూ తెలుసు.

బుల్స్ చొక్కా వేసుకొస్తే మాత్రం బస్సులో నువ్వెవరో నేనెవరో. నాన్న నిన్ను అడిగానని చెప్పమన్నాడు. నాకు మాత్రం బీపీ మాత్రలు మర్చిపోకుండా పెట్టుకొమ్మన్నాడు.

నీ
రమణ