ఆ వరుస బొమ్మ తీసేయండి
మానవ పరిణామంపై వార్త వచ్చిన ప్రతిసారీ కోతి మెల్లగా నిటారుగా లేచి మనిషైనట్టు చూపే వరుస బొమ్మనే పత్రికలు వేయడం పాఠకులను తప్పుదారి పట్టిస్తోంది. కోతే మనిషైతే ఇంకా కోతులెందుకున్నాయని పిల్లలే కాదు, చదువుకున్న పెద్దలూ వాదించడం చూస్తున్నాను. చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. సుమారు 60-70 లక్షల ఏళ్ల క్రితం ఒకే పూర్వీకుల నుంచి రెండు శాఖలు విడిపోయాయి. మానవ శాఖలోనే తర్వాత చీలిన కొమ్మలు మళ్లీ కలిసిన సందర్భాలూ ఉన్నాయి: మనకు దగ్గరి దాయాదులై, దాదాపు 40 వేల ఏళ్ల క్రితం అంతరించిన నియాండర్తల్ మానవుల డీఎన్ఏ ఆఫ్రికా వెలుపలి ప్రజల్లో నేటికీ సుమారు 1-2 శాతం ఉంది. ఈ కోవ పరిశోధనలకే జన్యు శాస్త్రవేత్త స్వాంటె పాబోకు 2022లో నోబెల్ వచ్చింది. ఇంత గొప్ప కథను ఒక్క గీతలో ఇరికించడం అన్యాయం. పత్రికలు, పాఠ్యపుస్తకాలు ఆ బొమ్మ మానేసి, అంతరించిన కొమ్మలతో సహా చెట్టు పటం వేయాలి.