స్పీడ్ సంగతి తర్వాత చూద్దాం చిన్నీ

చిన్నీ,

టైపింగ్ స్పీడ్ నిమిషానికి ముప్పై పదాలు దాటడం లేదని, దాటితే తప్పులు పెరుగుతున్నాయని నిన్న ఫోన్‌లో బెంగపడ్డావు కదా. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వాళ్ల సీహెచ్‌ఎస్‌ఎల్ ఉద్యోగ పరీక్షకి ఇంగ్లిష్ టైపింగ్‌లో నిమిషానికి 35 పదాలు కావాలి. అంటే గంటకు 10,500 కీలు. సెకనుకు మూడు కూడా పడవు. నీ వేళ్లకు అదేం పెద్ద పని కాదు.

నిన్ను వెనక్కి లాగుతున్నది నీ చూపే తల్లీ. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు గమనించాను, రెండు మూడు పదాలకోసారి కళ్లు కీబోర్డు మీదికి దిగుతున్నాయి. మళ్లీ తలెత్తి ఎక్కడున్నావో వెతుక్కునేసరికి స్పీడంతా పోతోంది. జడ వేసుకునేటప్పుడు ఏ పాయ ఎటు తిప్పాలో చూసుకుంటావా? వేళ్లే వేసుకుపోతాయి. టైపింగూ అలాగే చేతిలోకి దిగాలి. అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు 2013లో ఒక పరిశోధన చేశారు. సగటున నిమిషానికి 72 పదాలు కొట్టేవాళ్లకు ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి అక్షరాలు నింపమంటే, సగటున 15 మాత్రమే సరిగ్గా పెట్టారట. వేళ్లకు తెలిసింది వాళ్ల నోటికి రాలేదన్నమాట.

అయితే చేయి తప్పునీ అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. అందుకే ఇన్‌స్టిట్యూట్‌లో నా దగ్గరికి వచ్చే పిల్లలకి మొదట స్పీడ్ మాటే ఎత్తనివ్వను.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లలో ఎక్కువ తప్పులు ఈ (E), ఐ (I) అక్షరాల దగ్గరే ఉన్నాయి. రెండూ పై వరుసలోవి, రెండూ మధ్యవేలితో కొట్టేవి. ఒకటి ఎడమ చేతిది, ఒకటి కుడి చేతిది. 'రిసీవ్' తీసుకో: ఆర్, ఈ, సి, ఈ, ఐ, వి, ఈ. ఇందులో ఐ ఒక్కటే కుడి చేతిది. ఎడమ చేయి ఊపు మీద ఉండి ఐ రావాల్సిన చోట ఇంకో ఈ వేసేస్తోంది. ఆ పదాన్ని ఒక్కో కీ సమానంగా పడేట్టు, విసుగొచ్చేంత నిదానంగా ఒక పేజీ కొట్టు. తప్పు పడిందంటే ఇంకా నెమ్మదించాలని అర్థం. అది కుదిరాక 'బిలీవ్', 'దెయిర్' (their) పట్టుకో.

ఎఫ్, జె మీద చిన్న గీతలు చూపుడువేళ్లకు తగిలాకే మొదలుపెట్టు. చేతుల మీద రుమాలు కప్పుకో, హాస్టల్లో ఎవరేమనుకున్నా సరే. మొదటి వారం స్పీడ్ ఇరవైకి పడిపోవచ్చు, కంగారుపడి మళ్లీ కిందికి చూడకు.

ఏకబిగిన మూడు గంటలు కూర్చోవద్దు, మణికట్లు పాడవుతాయి. పొద్దున అరగంట, పడుకునే ముందు పావుగంట చాలు. నేర్చుకున్న కదలికల్ని మెదడు నిద్రలో గట్టిపరుచుకుంటుంది. రాత్రి తడబడ్డ పదం తెల్లారేసరికి సాఫీగా రావడం నా పిల్లల్లో ఎన్నోసార్లు చూశాను. టెన్షన్ పడి నిద్ర మాత్రం మానుకోకు.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు స్పీడెంతో చెప్పకు. ఏ అక్షరాల దగ్గర వేలు తడబడుతోందో చెప్పు. వాటికి సరిపడా లైన్లు నేను తయారుచేసి పంపిస్తాను.

అమ్మ