హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్‌ను మళ్లీ మార్చొద్దు

సంపాదకుడు గారికి నమస్కారం.

2024 డిసెంబర్‌లో కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో వెళ్లిపోయాక మన ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ బాధ్యత తాత్కాలికంగా షమీల్ చెంబకత్ మీద పడింది. అప్పుడే ఆయన వల్ల కూడా కాదని, పేరున్న విదేశీ కోచ్‌ను వెంటనే తేవాలని గచ్చిబౌలి గ్యాలరీలో నా చుట్టూ కూర్చునే కుర్రాళ్లు అంటున్నారు. వాళ్ల బాధ నాకు తెలియంది కాదు. నేనూ బొల్లారం నుంచి బస్సులు మారి, టికెట్ కొనుక్కుని వస్తున్నవాణ్ణే. నవంబర్‌లో ఒడిశా జట్టు మన మైదానంలోనే మనకు ఆరు గోల్స్ కొట్టిన రోజు ఆఖరి విజిల్ దాకా కూర్చున్నాను. మధ్యలోనే ఒక తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని లేచి వెళ్లిపోతుంటే, ఆ పిల్లాడు మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి తిరిగి చూశాడు. ఆ చూపు ఇంకా నా కళ్ల ముందే ఉంది. అయినా సరే, ఈ కోచింగ్ బృందాన్ని ఇప్పుడు కదపడం తప్పని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను రిటైరైన పీఈటీని, అంటే స్కూలు వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఎన్నో ఏళ్లు స్కూలు జట్లను ఆడించాను. గెలిచిన ఏడాది అందరూ భుజం తట్టారు, ఓడిన ఏడాది అందరూ నన్నే అడిగారు. పదకొండు మందిలో నలుగురికి బూట్లు లేవన్న సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. కోచ్ చేతిలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అన్నది విడదీసి చూడకపోతే ఆయన మీద ఏ తీర్పూ నిలవదు.

ఈ జట్టు కథే చూడండి. 2023-24లో జీతాల బకాయిలు, దానికి తోడు కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నిషేధం. విదేశీ ఆటగాళ్లు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు. 2024-25 సీజన్‌కు ముందు యాజమాన్యం మారింది, హడావిడిగా జట్టును కూర్చారు. మిగతా జట్లు నెలల తరబడి చేసుకున్న ప్రాక్టీసు మనవాళ్లకు దొరకలేదు. ఇందులో షమీల్ చేసిన తప్పేమిటి? సీజన్ సగంలో, వేరేవాళ్లు ఎంచిన ఆటగాళ్లతో వచ్చి నిలబడ్డాడు.

ఆయన్ని దేన్నిబట్టి చూడాలంటే, 2024 డిసెంబర్ 28న కోల్‌కతా జట్టు ఈస్ట్ బెంగాల్‌తో ఆడిన మ్యాచ్‌ను బట్టి చూడమంటాను. రెండో సగంలో గోల్ తిన్నాం. అంతకు ముందు మ్యాచ్‌ల్లో గోల్ పడగానే మనవాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. ఆ రోజు వెంటనే బంతి తీసుకుని సెంటర్‌కు పరిగెత్తారు. 90వ నిమిషంలో స్కోరు సమం చేసింది మనోజ్ మహమ్మద్, ఒక డిఫెండర్! కాళ్లు లాగేసే ఆ వేళలో డిఫెండర్ అంత ముందుకు వచ్చాడంటే అతనికి ఎవరో ధైర్యం చెప్పి పంపి ఉండాలి. పాయింట్ల పట్టికలో అది ఒక్క డ్రాయే, నిజమే. నాకు మాత్రం అందులో కోచ్ పని కనబడింది. మొదటి వారం చేసిన తప్పు నాలుగో వారం కూడా చేస్తున్నారా, కార్నర్ వచ్చినప్పుడు ఎవరు ఎవర్ని కాయాలో వాళ్లకు తెలుసా, డెబ్బయ్యో నిమిషం తర్వాత పరుగు ఉందా, ఇవన్నీ గ్యాలరీలోంచి ఎవరైనా చూడొచ్చు.

ఓటమి చూసి కోచ్‌ను పంపేసి ఉంటే ఏమయ్యేదో మన ఊరికి వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు. సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌వారే. ఆయన కూడా స్కూలు మాస్టారే. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన కోచ్‌గా ఉన్న భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. పది గోల్స్! నాలుగేళ్లకు అదే రహీం సాబ్ మెల్‌బోర్న్‌లో భారత్‌ను నాలుగో స్థానంలో నిలబెట్టారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ మొదటి మ్యాచ్ దక్షిణ కొరియాకు 2-0తో పోయింది. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ఆడించారు. అతనే ఒక గోల్ కొట్టాడు, మనం 2-1తో స్వర్ణం గెలిచాం. ఆ జట్టులో మా సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన బలరాం కూడా ఉన్నాడని చెప్పుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పేరున్న విదేశీ కోచ్ వస్తే చాలనేవాళ్లు మనోలో మార్కెజ్‌ను గుర్తు చేస్తున్నారు. ఆయన 2022లో మనకు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చారు, కాదనను. కానీ తొలి సీజన్‌లో ఆయన జట్టు అయిదో స్థానంలో ఆగింది, కప్పు కోసం చివర్లో ఆడే ప్లేఆఫ్స్‌కు కూడా వెళ్లలేదు. అప్పుడు ఆయన్ని ఉంచారు కాబట్టే మరుసటి ఏడాది కప్పు వచ్చింది. 2024లో ఆయనే జాతీయ జట్టు కోచ్ అయ్యారు. ఆ ఏడాది నవంబర్‌లో ఇదే గచ్చిబౌలిలో మలేషియాతో 1-1 డ్రా అయింది, 2024 మొత్తం మీద భారత్ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. మనిషి అదే, స్టేడియం అదే.

యాజమాన్యానికి నా విన్నపం ఒక్కటే. షమీల్‌నూ ఆయన సహాయకులనూ సీజన్ చివరిదాకా ఉంచుతామని బయటికి చెప్పండి. ఎప్పుడు తీసేస్తారోనన్న టెన్షన్‌లో ఉన్న కోచ్ మాట డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరు వింటారు? కొత్త ఆటగాళ్లను తీసుకునే జనవరి ట్రాన్స్‌ఫర్ విండో మూసేలోగా ఏ స్థానంలో మనిషి కావాలో ఆయన్నే అడిగి తెండి.

మీ క్రీడల పేజీకీ ఒక మనవి. మన జట్టు మ్యాచ్ వార్త నాలుగు లైన్లలో స్కోరుతో ముగిసిపోతోంది. మీ విలేకరిని ఒక్కరోజు ప్రాక్టీసుకు పంపండి. అక్కడ ఏం నేర్పుతున్నారో చూసి రాయమనండి. చదవడానికి మేమున్నాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ,
బొల్లారం, సికింద్రాబాద్
జనవరి 2025