గట్టు మార్చే ముందు

టెక్కలి

అమ్మడూ,

నువ్వు పంపిన ఫొటోలు, ఆ కొటేషన్ కాగితం చూశాను. విజయనగరంలో సొంతిల్లు అమిరింది, పాతదైనా గోడలు గట్టిగా ఉన్నాయి, మాకు సంతోషమే. కానీ వంటగట్టు మార్చడానికి లక్ష దాటిన లెక్క నాకు మింగుడు పడలేదు. మీ అమ్మకైతే అన్నం కూడా సహించలేదు. ఇంటి లోను వాయిదాలు కట్టుకుంటూ గట్టు కోసం మళ్ళీ చేబదులు చెయ్యొద్దు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని, రేపు మేస్త్రికి చదివి వినిపించుకోవచ్చని రాస్తున్నాను.

ఆ కాగితంలో రాయికి విడిగా ధర లేదు. అంతా కలిపి ఒకటే అంకె. ముందు దాన్ని విడదీసి ఇమ్మని అడుగు. పాత గట్టు పగలగొట్టడం, ఆ ముక్కలు ఎత్తి పారబోయడం, గోడ టైల్స్ చిట్లితే కొత్తవి వెయ్యడం, సింకు పైపులు, కింద అలమరాలు, ఇవన్నీ ఉంటాయి. వీటి మధ్య రాయి ఖరీదు ఎంత చిన్నదో నువ్వే లెక్క కట్టు. మీ గట్టు పొడుగు పక్క 9 అడుగులు, మూల తిరిగాక 4 అడుగులు, వెడల్పు 2 అడుగులు. మొత్తం 26 చదరపు అడుగులు. గ్రానైట్ చదరపు అడుగు 150 రూపాయలు అనుకుంటే 3,900. 200 అనుకుంటే 5,200. షాపులో గంటసేపు బేరమాడి యాభై తగ్గించుకున్నా మిగిలేది 1,300. డబ్బు పోయేది రాయి దగ్గర కాదు, రాయి చుట్టూ జరిగే పనుల దగ్గర. తగ్గించుకోవాల్సింది అవే.

అందుకని పాత గట్టు పగలగొట్టొద్దు. ఫొటోలో కనిపించేది కడప రాయి. దాని కింద సిమెంటు స్లాబు ఉందో, ఇటుక గోడల మీద రాయి ఒక్కటే పరిచారో అలమరాలో తల పెట్టి చూడమని అల్లుడు గారికి చెప్పు. స్లాబు ఉండి, ఎక్కడా చువ్వలు తేలి తుప్పు పట్టకపోతే, దాని మీదే కొత్త గ్రానైట్ పరిచేయొచ్చు. చిన్న సుత్తితో జానెడు జానెడు దూరంలో రాయి మీద తట్టి వినండి. గట్టిగా మోగితే సరే. డొల్ల చప్పుడు వచ్చిన చోట ఆ ఒక్క పలకే లేపి, కింద సిమెంటు మాలు నింపి సరిచేయిస్తే చాలు. స్లాబు లేకుండా ఉత్త రాయే ఉండి, అది బీటలు వారి ఉంటే మాత్రం ఈ మాట వర్తించదు. గ్రానైట్ 18 మిల్లీమీటర్ల మందం ఉంటే చదరపు అడుగుకి నాలుగున్నర కేజీల దాకా తూగుతుంది. 26 అడుగులంటే 117 కేజీలు. ఆ బరువు కింద ఏదో ఒకటి మొయ్యాలి కదా.

పాత రాయి నున్నగా, నూనె జిడ్డుతో ఉంటుంది. దాని మీద ఉత్త సిమెంటు పట్టదు. ముందు వేడినీళ్ళు, సోడాతో జిడ్డు వదిలేదాకా కడిగించు. ఆరాక ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టించు. ఆ తర్వాత టైల్ అడ్హెసివ్‌తో, అంటే టైల్స్ అతికించే జిగురుతో, అతికించాలి. ఈ పనికి సిమెంటు చాలదని మేస్త్రికి ముందే చెప్పు. "ఎందుకమ్మా అంత ఖర్చు" అంటాడు. వినకు. ఖర్చు పెట్టాల్సింది అక్కడే.

ఇలా చేస్తే గట్టు ఎత్తు దాదాపు అంగుళం పెరుగుతుంది. నువ్వు మీ అమ్మ పోలిక, పొట్టిదానివి. మోచెయ్యి మడిచి నిలబడితే, మోచేతి కంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందికి గట్టు ఉండాలి. ఇప్పుడున్నదే ఎక్కువనిపిస్తే నాకు ఫోన్ చెయ్యి, వేరే దారి ఆలోచిద్దాం. భుజాలు ఎత్తి కూరగాయలు తరగడం రోజూ పడే బాధ. గోడ టైల్స్ జోలికి మాత్రం పోవద్దు. కొత్త రాయిని టైల్‌కి ఆనించి, సందులో నీళ్ళు దిగకుండా సిలికాన్ జిగురు పెట్టిస్తే చాలు.

ఇక రాయి సంగతి. కడప రాయి సున్నపురాయి జాతి. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే సున్నం కరిగి మెరుపు పోతుంది. మన ఇళ్ళల్లో పులుపు పడని రోజెక్కడుంది? గ్రానైట్‌కి ఆ బాధ లేదు. క్వార్ట్జ్ పెట్టుకోమని కాగితంలో రాశారు. అది రాయిపొడిని రెసిన్‌తో కలిపి అచ్చు పోసింది. మరక పట్టదు, చూడ్డానికీ బాగుంటుంది. కానీ పొయ్యి మీంచి దించిన మూకుడు నేరుగా పెట్టావంటే రెసిన్ కాలి మచ్చ మిగులుతుంది. అంత ధర పెట్టి, మూకుడుకి రోజూ పీట వెయ్యాలా? టైల్స్ చౌకే గానీ సందుల్లో పసుపు దిగితే ఇక పోదు.

షాపులో "కట్టర్ స్లాబ్", అంటే తక్కువ వెడల్పు పలక, చూపించమని అడుగు. గ్యాంగ్‌సా అనే పెద్ద రంపం మిషను మీద కోసే పెద్ద పలకలు హాలు నేలకి, పొడుగాటి మెట్లకి పనికొస్తాయి. వాటి ధర ఎక్కువ. రెండడుగుల వెడల్పు గట్టుకి కట్టర్ స్లాబే చాలు. పైగా వెడల్పు దగ్గరగా ఉన్న పలక దొరికితే వృథా తగ్గుతుంది, లేకపోతే పారేసే ముక్కకీ నువ్వే డబ్బు కడతావు. మందం కొలిచి చూసుకో. అంచు పాలిష్‌కి, గుండ్రం తిప్పడానికి, సింకు కోతకి విడిగా తీసుకుంటారు, అంచుకి రన్నింగ్ ఫీట్ లెక్క, అంటే పొడవు అడుగుల లెక్క. రాయి ధరతో పాటే అవీ అడిగి రాసుకో.

నల్ల రాయి కావాలంటే తెల్ల గుడ్డకి కాస్త థిన్నర్ అద్ది తుడిచి చూడు. గుడ్డ నల్లబడితే బూడిద రంగు రాయికి రంగు పట్టించినట్టే. లేత రంగు రాయి అయితే నాలుగు నీళ్ళ చుక్కలు వేసి పావుగంట ఆగు. చుక్క పడిన చోట ముదురు రంగు తేలితే అది నూనె కూడా తాగుతుంది. నన్నడిగితే మన టెక్కలి నీలం రాయే వేసుకో. నా పక్షపాతం నాకుంది, కాదనను. కానీ మరక కనిపించని రాయి, పైగా విదేశాలకి పోయే సరుకు.

రాళ్ళ ఊరివాణ్ణే చెబుతున్నాను, 26 అడుగుల రాయి కోసం టెక్కలి రావద్దు. వంద కిలోమీటర్ల పైన బండి కిరాయి కడితే, తగ్గిన ధర అంతా డీజిల్‌కే పోతుంది. అక్కడే నాలుగు షాపులు తిరుగు.

సింకు రంధ్రం దగ్గర రాయి బలహీనం. ముందూ వెనకా మూడేసి అంగుళాల పట్టీ మాత్రమే మిగులుతుంది. పలకని పడుకోబెట్టి మోస్తే అక్కడే విరుగుతుంది. నిలబెట్టే మొయ్యాలి. గట్టు ముందంచు కింద సన్నని గాడి కోయించు, కారిన నీళ్ళు అలమరా తలుపుల మీదికి పాకకుండా అక్కడే రాలిపోతాయి. చిన్న పని, కానీ అడక్కపోతే ఎవరూ చెయ్యరు. నువ్వు గట్టు అంచుకి కొబ్బరికాయ కొట్టే అలవాటు కూడా మానుకోవాలి తల్లీ, పాలిష్ చేసిన అంచు పెచ్చు లేస్తుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో పొడి కోత కొయ్యనివ్వొద్దు. పాలిషింగ్ ఫ్యాక్టరీలో నాతో పనిచేసినవాళ్ళు దగ్గుతో ఎలా చిక్కిపోయారో నువ్వు చిన్నప్పుడు చూశావు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్ళీ బయటికి రాదు. కోతంతా పెరట్లో, నీళ్ళు పోస్తూ జరగాలి. రాయి కోసే కుర్రాడికి మాస్కు నువ్వే కొనివ్వు. వాడి దగ్గర ఉండదు.

అలమరా తలుపులు ఇప్పుడే మార్చకు. కీళ్ళు బిగించి రంగు వేయిస్తే ఇంకొన్నేళ్ళు వస్తాయి.

పరిచాక కనీసం ఒక రోజు గట్టు మీద బరువు పెట్టకూడదు. సిలికాన్ ఆరేదాకా సింకు వాడకూడదు. అందుకని పని శనివారం పెట్టించి, పిల్లల్ని తీసుకుని నువ్విక్కడికి వచ్చెయ్యి. అల్లుడు గారికి తోడుగా నేను శుక్రవారం సాయంత్రమే అక్కడికి చేరతాను. లెవెల్ బద్ద నా దగ్గరుంది, తెస్తాను. నీళ్ళు సింకు వైపే జారాలి, అది నేను దగ్గరుండి చూసుకుంటాను.

కొలతలు మళ్ళీ ఒకసారి టేపుతో తీసి పంపు. గోడ రెండు చివర్లా, మధ్యలో కూడా కొలవండి, పాత ఇళ్ళ గోడలు తిన్నగా ఉండవు.

మీ నాన్న