మర్డర్ మిస్టరీ రాస్తున్న సభ్యులకు

అందరికీ నమస్కారం. ఆదివారం తిరుపతిలో కలిసేలోపు మీ డ్రాఫ్టులో ఇవి ఒకసారి సరిచూసుకోండి.

200 పేజీల నవలైతే హంతకుడు మొదటి 50 పేజీల్లోపే ఏదో ఒక పనిమీద పాఠకుడి కంటపడాలి. చివర్లో ఊడిపడితే చదివినవాళ్లకు మోసపోయినట్టు ఉంటుంది. అనుమానితులు అయిదారుగురు చాలు.

క్లూని దాచొద్దు, మిగతావాటిలో కలిపేయండి. హతుడి గదిలో నాలుగు వస్తువులు చెప్పి, అసలుదాన్ని మూడోదిగా పెట్టి, వెంటనే ఎవరిచేతనైనా తలుపు దబదబా బాదించండి. పాఠకుడు చూస్తాడు, పట్టించుకోడు.

ఎక్కువమంది తప్పేది టైము దగ్గరే. శవం బిగుసుకోవడం మామూలుగా చనిపోయిన 2, 3 గంటలకు మొదలై, దాదాపు 12 గంటలకల్లా ఒళ్లంతా పాకుతుంది. మన మే నెల ఎండల్లో అది త్వరగా బిగిసి, త్వరగానే సడలుతుంది. ఏసీ గదిలో నిదానం. హంతకుడు ఏసీ వేసి పోయాడంటే ఆ బిగువు చూసి డాక్టరు అంచనా వేసే చావు టైమే మారిపోతుంది. మంచి మలుపు అక్కడే దొరుకుతుంది!

అలిబీకి, అంటే హత్య టైములో వేరేచోట ఉన్నానని చూపించుకోడానికి, మన తిరుమల కొండే ఉంది కదా. ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగేది వేరు. మరీ త్వరగా దిగినా బండికి ఫైను పడుతుంది. "పది నిమిషాల్లో కొండ దిగొచ్చి చంపేశాడు" అని రాస్తే మన ఊళ్లో ఒక్కరూ నమ్మరు.

హత్య జరిగిన రాత్రి ఎవరెక్కడున్నారో, వాచ్‌మన్‌తో సహా, గంటగంటకీ ఒక కాయితం మీద రాసుకోండి. ఆ కాయితం కూడా ఆదివారం తీసుకురండి.