ఆకతాయి ఉత్తరాలను హంతకుడి మాటలుగా వినిపించడం, రాత్రిపూట బెదిరింపు కాల్స్ చేయడంపై ఫిర్యాదు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మీ ఆడియో యాప్‌లోని జాక్ ది రిప్పర్ (1888లో లండన్‌లో వరుసగా ఆడవాళ్లను చంపి, ఎవరో తేలకుండానే పోయిన హంతకుడికి పడిన పేరు) సిరీస్‌లో ఉన్న తప్పులు, దాని ప్రచారం కోసం చందాదారుల ఇళ్లకు చేసిన కాల్స్ గురించి.

నమస్కారం.

మీ యాప్‌కు ఫ్యామిలీ ప్లాన్ కింద చందా కడుతున్నాను. అందులో తెనాలిలో ఒంటరిగా ఉండే మా అమ్మ నంబరు కూడా ఉంది. ఆమె మీ దగ్గర వినేది అన్నమయ్య కీర్తనలు, పాత నాటికలు. పోయిన నెల ఒక రోజు రాత్రి పదిన్నర దాటాక ఆమె ఫోన్ మోగింది. ఎత్తితే ఒక మగ గొంతు, ఆయాసపడుతూ, "నా పని ఇంకా పూర్తి కాలేదు. మీ వీధిలోనే ఉన్నాను. తలుపు గడియ పెట్టుకున్నారా?" అంది. తర్వాత ఒక నవ్వు, అంతే, కట్ అయిపోయింది. మీ యాప్ పేరు లేదు, సిరీస్ పేరు లేదు, ఇది ప్రకటన అన్న మాట లేదు. మర్నాడు నాకూ అదే గొంతుతో కాల్ వచ్చి, వెంటనే సిరీస్ లింకుతో మెసేజ్ రావడంతో ఇది మీ ప్రచారమని అర్థమైంది.

మా అమ్మకు బీపీ ఉంది. ఆ రాత్రి చేతులు వణుకుతుంటే ఎదురింటివాళ్లను కేకేసి పిలిచింది. నలుగురైదుగురు కర్రలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే ఎవరింటికో టిఫిన్ పార్సిల్ ఇవ్వడానికి ఒక కుర్రాడు బండి మీద వచ్చాడు. అతణ్ణి ఆపి తాళం లాక్కున్నారు. వీపున ఉన్న నల్ల బ్యాగు తెరిపించారు. పొట్లం జారి సాంబారు రోడ్డు పాలైంది. ఒకాయన కాలర్ కూడా పట్టుకున్నాడట. ఆ అబ్బాయిని ఎరిగిన కిరాణా కొట్టాయన బయటికి వచ్చి చెప్పబట్టి సరిపోయింది. ఇది మీకు చిన్న విషయంగా అనిపిస్తే, 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలంటూ వాట్సాప్‌లో తిరిగిన పుకార్లకు తెలంగాణలో అమాయకులు ఎలా దెబ్బలు తిని చనిపోయారో ఆ నాటి పత్రికలు తీసి చూడండి.

ఈ కోపంతోనే మీ సిరీస్ మొత్తం విన్నాను. "పూర్తిగా వాస్తవాల ఆధారంగా" అని మీరే పైన రాసుకున్నారు కాబట్టి ఆ మాట పట్టుకునే అడుగుతున్నాను.

మొదటి ఎపిసోడే "హంతకుడు స్వయంగా పంపిన ఉత్తరం"తో మొదలవుతుంది. 1888 సెప్టెంబర్ 25 తేదీతో, ఎర్ర సిరాతో, "డియర్ బాస్" అంటూ రాసిన ఉత్తరం అది. అసలు రక్తాన్ని జింజర్ బీర్ సీసాలో దాచుకున్నానని, అది జిగురులా చిక్కబడి రాయడానికి పనికి రాలేదని, ఎర్ర సిరాతో సరిపెట్టుకుంటున్నానని అందులో ఉంది. మీ నటుడు దాన్ని చాలా బాగా చదివారు, కాదనను. కానీ ఆ ఉత్తరం చేరింది పోలీసులకు కాదు, బాధితుల కుటుంబాలకు కాదు, సెంట్రల్ న్యూస్ ఏజెన్సీకి. పత్రికలకు వార్తలు అమ్మే సంస్థ అది. 27న అందితే వాళ్లు రెండు రోజులు దగ్గర పెట్టుకుని 29న లండన్ పోలీసు ప్రధాన కార్యాలయం స్కాట్లండ్ యార్డ్‌కు పంపారు. ఆ రాత్రి దాటాక, 30 తెల్లవారుజామున ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడోస్ హత్యకు గురయ్యారు. అక్టోబర్ 1న అదే ఏజెన్సీకి పోస్ట్‌కార్డు వచ్చింది. పోలీసులు ఆ చేతిరాతను ఎవరైనా గుర్తుపడతారన్న ఆశతో నకళ్లు అచ్చువేయించి అతికించారు. ఎవరూ గుర్తుపట్టలేదు. పత్రికలు మాత్రం ఆ సంతకాన్ని పట్టుకున్నాయి. "జాక్ ది రిప్పర్" అనే పేరు పుట్టింది ఆ సంతకంలోనే, ఏ నేరస్థలంలోనూ కాదు.

ఆ ఉత్తరాన్ని హంతకుడు రాశాడని అప్పటి పోలీసు పెద్దలే నమ్మలేదు. సీఐడీ అధిపతి రాబర్ట్ ఆండర్సన్ 1910లో ఇది లండన్ పాత్రికేయుడి పనేనని రాశారు. మాజీ చీఫ్ ఇన్‌స్పెక్టర్ జాన్ లిటిల్‌చైల్డ్ 1913లో రాసిన ఒక లేఖలో ఆ ఏజెన్సీ విలేకరినీ, అతని పై అధికారినీ పేర్లతో సహా అనుమానించారు. మీ పది గంటల సిరీస్‌లో ఈ సంగతికి ఒక్క నిమిషం దొరకలేదా?

ఆ పేరు అచ్చయ్యాక ఏం జరిగిందో చెప్పి ఉంటే మీ సిరీస్ ఇంకా బాగుండేది. ఉత్తరాలు వందల్లో వచ్చిపడ్డాయి. బ్రాడ్‌ఫర్డ్‌లో 21 ఏళ్ల అమ్మాయి ఒకతె జాక్ ది రిప్పర్ పేరుతో తమ ఊరి పోలీసు అధికారికీ, ఒక పత్రికకూ ఉత్తరాలు రాసి పట్టుబడింది. సరదాకి చేశానంది. హత్యలు జరిగిన వైట్‌చాపెల్ ప్రాంతంలో స్థానికులు కాపలా కోసం పెట్టుకున్న విజిలెన్స్ కమిటీ అధ్యక్షుడు జార్జ్ లస్క్ ఇంటికి అక్టోబర్ 16న చిన్న పెట్టెలో సగం మూత్రపిండం వచ్చింది. లండన్ హాస్పిటల్‌లో డాక్టర్ ఓపెన్‌షా దాన్ని పరీక్షించారు. అది ఎడోస్‌దేనని ఎప్పుడూ రుజువు కాలేదు. వైద్య విద్యార్థుల ఆకతాయితనం అయ్యుండొచ్చని అప్పుడే అన్నవాళ్లున్నారు. మీరేమో "హంతకుడి కానుక" అని తేల్చేశారు. ఒక పక్క పోలీసులు 80,000 కరపత్రాలు పంచి ఇల్లిల్లూ తిరుగుతుంటే, ఇంకో పక్క ఈ దొంగ ఉత్తరాల మీదా మనుషుల్ని పెట్టాల్సి వచ్చింది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది "లెదర్ ఏప్రన్" ఎపిసోడ్. తోలు ఏప్రన్ వేసుకునే ఒక యూదుడు ఆడవాళ్లను బెదిరించి డబ్బులు లాగుతాడని మొదట పుకారు. స్టార్ అనే పత్రిక ఆ ఏడాదే మొదలైంది, కాపీలు అమ్ముకోవాలి. ఆ పుకారును రాక్షసుడి కథగా పెంచింది. సెప్టెంబర్ 8న హాన్‌బరీ స్ట్రీట్ 29వ నంబరు ఇంటి పెరట్లో యానీ చాప్‌మన్ శవం దొరికినప్పుడు అక్కడ కుళాయి దగ్గర తడిసిన తోలు ఏప్రన్ ఒకటి కనిపించింది. ఇంకేముంది, ఊరంతా అదే మాట. నిజానికి అది ఆ ఇంటావిడ కొడుకుది, ఆవిడే ఉతికి అక్కడ పెట్టింది. ఈలోపు జాన్ పైజర్ అనే చెప్పులు కుట్టే యూదుణ్ణి సెప్టెంబర్ 10న పట్టుకున్నారు. మీ ఎపిసోడ్ అక్కడే, తలుపు బాదుతున్న చప్పుడుతో ఆగిపోతుంది. తర్వాతి ఎపిసోడ్‌లో అతని ఊసే లేదు. వినేవాళ్లకు ఏం మిగులుతుంది? అతనే అయ్యుంటాడన్న అనుమానం.

అంతకుముందు మేరీ ఆన్ నికల్స్ అనే ఆవిడ హత్య జరిగిన రాత్రి పైజర్ హాలోవే రోడ్డులో ఉన్నాడు. లండన్ డాక్స్‌లో లేచిన మంటల ఎరుపు ఆకాశంలో కనబడుతుంటే అక్కడున్న పోలీసుతో దాని గురించి మాట్లాడాడు. ఆ సంగతి రూఢి అయింది. సెప్టెంబర్ 12న మరణ విచారణలో నిలబడి అందరి ముందూ చెప్పుకుని నిర్దోషిగా బయటికి వచ్చాడు. అప్పటికే లండన్ తూర్పు భాగమైన ఈస్ట్ ఎండ్ వీధుల్లో యూదుల మీద గుంపులు తిరగబడుతున్నాయి. ఇంగ్లీషువాడెవడూ ఇలాంటి పని చెయ్యడని కేకలు. నల్ల సంచి పట్టుకు నడిచినవాణ్ణల్లా చుట్టుముట్టడం మామూలైంది. సెప్టెంబర్ 30న గౌల్స్టన్ స్ట్రీట్ గోడ మీద యూదుల ప్రస్తావనతో సుద్దరాత కనిపిస్తే, తెల్లారేసరికి అల్లరి మూకలు దాడులు చేస్తాయన్న భయంతో పోలీసు కమిషనర్ చార్లెస్ వారెన్ ఫోటో కూడా తీయనివ్వకుండా చెరిపించేశారు. ఆయన చేసింది సరైన పనేనని నా అభిప్రాయం. ఆ రాతను హంతకుడే రాశాడనడానికి రుజువు లేదు. మీరు దాన్నీ "సందేశం" అన్నారు.

ఆఖరి ఎపిసోడ్‌లో, ఎడోస్‌దని చెప్పే ఒక శాలువా మీది డీఎన్ఏతో "కేసు ఛేదించారు" అన్నదాని గురించి ఎక్కువ రాయను. 2014లో అరుదైనదని చెప్పిన జన్యు గుర్తు నిజానికి యూరోపియన్లలో చాలామందికి ఉండేదేనని, దాని సంఖ్య రాయడంలోనే పొరపాటు జరిగిందని నిపుణులు అప్పుడే బయటపెట్టారు. ఆ శాలువా ఎడోస్‌దన్న ఆధారమూ లేదు.

పాత కథే కదా, ఇప్పుడు ఎవరికి నష్టం అని మీవాళ్లు అనవచ్చు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ వరుసగా ఆడవాళ్లను చంపుతున్న రోజుల్లో, 1978, 79లో, జాన్ హంబుల్ అనేవాడు పోలీసులకూ పత్రికకూ జాక్ ది రిప్పర్ సంతకంతో ఉత్తరాలు రాశాడు, 1979 జూన్‌లో టేపు కూడా పంపాడు. పోలీసులు ఆ గొంతులోని వేర్‌సైడ్ (ఈశాన్య ఇంగ్లండ్‌లోని ఒక ప్రాంతం) యాస పట్టుకుని వెళ్లారు. ఆ యాస లేనివాళ్లను పక్కన పెట్టారు. అసలు హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్‌ది ఆ యాస కాదు. 1981 జనవరిలో అతను దొరికేలోపు, టేపు వచ్చాక, ఇంకా ముగ్గురు ఆడవాళ్లు చనిపోయారు. హంబుల్ 2005లో డీఎన్ఏతో దొరికి, ఎనిమిదేళ్ల శిక్ష పొందాడు. ఆకతాయి మాటను హంతకుడి గొంతుగా నమ్మితే ఏమవుతుందో ఆ టేపే చెబుతుంది.

నేను కోరేది ఇది. మొదటి ఎపిసోడ్ ముందు, ఆ ఉత్తరాలు హంతకుడివని రుజువు కాలేదని, పాత్రికేయుల పనని అప్పటి పోలీసు అధికారులే అన్నారని అదే నటుడి గొంతుతో చెప్పించండి. పైజర్ నిర్దోషిగా తేలాడన్నది లెదర్ ఏప్రన్ ఎపిసోడ్ చివర చేర్చండి, వివరణ పేజీలో కాదు. శాలువా ఎపిసోడ్ పేరులో "కేసు ఛేదించారు" అన్న మాట తీసేయండి. రాత్రి కాల్స్ వెంటనే ఆపండి. మా అమ్మకు మీ సంస్థ తరఫున ఒక మనిషి పగటిపూట ఫోన్ చేసి, తెలుగులో, క్షమాపణ చెప్పాలి. ఆ వీధిలో అవమానపడిన కుర్రాడి వివరాలు కిరాణా కొట్టాయన దగ్గర ఉన్నాయి. అతనికి ఆ రాత్రి పోయిన ఆర్డర్ డబ్బు మీరే ఇవ్వాలి. నా చందా వాపసు అడగడం లేదు.

2021 ఐటీ నిబంధనల ప్రకారం మీరు 15 రోజుల్లో ఈ ఫిర్యాదుపై నిర్ణయం చెప్పాలి. కాల్స్ గురించి, అక్కర్లేని ప్రచార కాల్స్‌పై ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు విడిగా ఫిర్యాదు చేశాను. గడువులోగా జవాబు రాకపోతే, వాస్తవాలని చెప్పి అమ్మినందుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు వెళతాను. కాల్ రికార్డింగ్, మెసేజ్ స్క్రీన్‌షాట్లు, నేను తప్పులు గుర్తించిన చోట్ల నిమిషాలతో సహా పట్టిక జతచేస్తున్నాను. జవాబు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో పంపగలరు.

ఇట్లు,
మీ చందాదారు,
విజయవాడ